ఎండపూతల గుణాగుణములు



మన గ్రామములనుండి వేలకొలది యువతీయువకులు హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము అను తావులకు ఉద్యోగార్థమై పోవుచున్నారు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయిగారు అచ్చట సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. అంతకు పూర్వము బండరాళ్ల గుట్టలుగా నున్న ఆ ప్రదేశము నేడు గాజుమేడల పట్టణమైనది. దానినే హైటెక్ సిటీ యనియు, పరిసరములతో గూడ సైబరాబాదనియు వ్యవహరింతురు. ఆ మేడలలో పనిచేయు పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినపుడు వారి సంచిలో ఒక చిన్న గొట్టము కానవచ్చును. ప్రొద్దున ముఖము కడుగుకొని, అందలి తెల్లని పూతను నుదుటికి, చెంపలకు, మెడకు పూసికొనిగాని గడప దాటరు. అది చూచి పెద్దలు కొందఱు పరిహసింతురు. కొందఱు అది తెల్లబడుటకైన ఉపాయమని తలంతురు. మఱికొందఱు "ఇంతకంటె మంచి క్రీము మన ఊరి మందుల కొట్టులోనే కలదు" అని వేఱొక దానిని కొనితెచ్చి యిత్తురు. పరిహాసమువలన నష్టము లేదు. ఈ కడపటి దానివలన గొప్ప నష్టము కలదు. అది యెట్లో తెలియవలె నన్న, ముందు ఆ పూత యేమి పనిచేయునో తెలిసికొనవలెను.

సూర్యుడు ఆరోగ్యము నిచ్చు దైవమని మనవారి నమ్మకము. చర్మవ్యాధులు గలవారు శ్రీకాకుళమునకు సమీపమున నున్న అరసవల్లికి పోయి మ్రొక్కుకొనుట నేటికిని కలదు. హర్షుని కాలమునాటి మయూరకవి సూర్యశతకమును రచించి కుష్ఠునుండి విముక్తుడయ్యెనని ఐతిహ్యము. అట్టి సూర్యునినుండి ముఖమును కాపాడుకొనుట యేమని మీరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అగ్నిహోత్రుడు ఇంటి దేవుడే యైనను, ఒడలు మఱచి చేయి పెట్టినచో కాల్చక మానడు గదా!

ఎండలో మనకు వెలుగును, వేడియు తెలియుచున్నవి. ఈ రెండును గాక, కంటికి కానరానివియు, ఒంటికి వేడి తగిలింపనివియు నగు కిరణములు మఱికొన్ని కలవు. 1801లో జర్మనీ దేశీయుడైన రిట్టరు అను శాస్త్రజ్ఞుడు వీనిని కనుగొనెను. వెలుగును గాజుపలకతో ఏడు రంగులుగా విడదీసి, ఊదారంగునకు ఆవల, వెలుగే లేని చోట వెండి లవణము పూసిన కాగితము నుంచగా అది నల్లబడెను. ఆ అదృశ్య కిరణములకే అతినీలలోహిత కిరణములని పేరు. వీనిలో భూమిని చేరునవి రెండు తెగలు. 'బి' తెగ కిరణములు చర్మపు పైపొరను కమిలించును. 'ఎ' తెగ కిరణములు లోపలి పొరవఱకు చొచ్చి, మెల్లమెల్లగా చర్మమును ముడుతలు పడజేయును, మచ్చలను ముదురజేయును. ఇవి వేడిని తెలుపవు గనుక చల్లని దినమున, మబ్బు పట్టిన దినమున గూడ మనల నేమరించి పనిచేయును.

హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరమున పదునేడున్నర అంశములకు లోబడి యున్నది. అందుచే ఏటేట మే నెల 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుగా పాతిన కఱ్ఱకు నాడు నీడయే యుండదు. దీనినుండి మనకొక సులభమైన కొలత దొరకుచున్నది. మన నీడ మనకంటె పొడవుగా నున్నంతవఱకు ఈ కిరణముల తీక్ష్ణత తక్కువ. నీడ మనకంటె పొట్టిదైనప్పుడు ఎక్కువ. ఈ లెక్కకు గడియారము అక్కఱలేదు.

"గాజుమేడలో కూర్చుండువారికి ఎండ యెక్కడిది?" అని యొక సందేహము. మామూలు గాజు 'బి' తెగను చాలవఱకు ఆపును; 'ఎ' తెగను మాత్రము కొంతవఱకు లోనికి విడుచును. దీనికి ప్రత్యక్ష నిదర్శన మొకటి కలదు. అమెరికాలో షికాగో వైద్యులు 2012లో న్యూ ఇంగ్లండు వైద్యపత్రికయం దొక మనుష్యుని ఛాయాచిత్రమును ప్రకటించిరి. అతనికి వయసు 69. ఇరువదియెనిమిదేండ్లు సరకుల బండి తోలెను. ఆ దేశమున తోలువాడు ఎడమవైపున కూర్చుండును. కిటికీ అద్దమువైపున నున్న అతని ఎడమ చెంప మందమెక్కి, లోతైన ముడుతలు పడి యుండెను. కుడి చెంప అంతగా చెడలేదు. ఒక్క ముఖమునందే రెండు వయసులు! మన దేశమున తోలువాడు కుడివైపున కూర్చుండును గనుక మనవారికి కుడిచెంపయే జాగ్రత్తపడదగినది. హైటెక్ సిటీ ఉద్యోగులను పగలెల్ల కార్లలో చేరవేయువారిలో మన పల్లెల పిల్లలు తక్కువవారు కారు. గాజుమేడలో కిటికీకి దూరముగా కూర్చుండువానికంటె ఈ తోలువారికే రక్షణ ముఖ్యము.

మన చర్మమునకు సహజముగా నున్న నలుపు గొప్ప కవచము. అందుచేతనే తెల్లజాతులవారికి వచ్చునంతగా చర్మపు పుట్టకురుపులు మనకు రావు. అయినను ఆ కవచమునకే యొక కీడు కలదు. ఎండ తగిలినకొలది మన చర్మము త్వరగా మచ్చ కట్టును. చెంపలపై మంగు మచ్చలు పెరుగుట యిందుచేతనే. కొందఱి ముఖచర్మము మిక్కిలి సుకుమారము. ఎండకు ఎఱ్ఱబడి మండును. లూపస్ అను వ్యాధి గలవారికి ఎండ సాక్షాత్తుగా శత్రువు. మన యీడువారు రక్తపుపోటుకు వాడు హైడ్రోక్లోరోథయజైడు అను మాత్రయు, కురుపులకును జ్వరములకును వాడు డాక్సీసైక్లినును చర్మమునకు ఎండ పడకుండ చేయవచ్చును. కావున ఇది పిల్లల విషయము మాత్రమే కాదు.

ఇక పూత సంగతి. దీనిని మన భాషలో ఆతపరక్షక లేపన మనవచ్చును. కాని సన్‌స్క్రీను అన్ననేగాని దుకాణదారు డియ్యడు. వీనిలో రెండు జాతులు కలవు. మొదటి జాతిలో ఆక్సిబెంజోను, అవొబెంజోను, ఆక్టోక్రిలీను మొదలగు కర్బన రసాయనములు కిరణములను పీల్చును. రెండవ జాతిలో జింకు ఆక్సైడు, టైటానియము డయాక్సైడు అను ఖనిజపు పొడులు ఆ పని చేయును. ఖనిజపు పూత అద్దమువలె కిరణములను త్రిప్పికొట్టునని పలువురు చెప్పుదురు. అది కొంచెము మాత్రమే నిజము. అదియు ముఖ్యముగా పీల్చియే కాపాడును. సుకుమారమైన ముఖమునకు ఇదియే మేలనుటకు కారణము వేఱు: ఈ పొడులు చర్మముతో కలియక పైననే నిలుచును, వీనివలన దద్దురు పుట్టుట మిక్కిలి అరుదు. మొదటి జాతిలోని కొన్ని కొందఱికి పడవు, కండ్లను మండించును. 2019లో అమెరికా ఔషధశాఖవారు పదునాఱు ఎండపూత ద్రవ్యములను విచారించి, ఈ రెండు ఖనిజములను మాత్రమే సురక్షితములని నిస్సంశయముగా పేర్కొనదలచిరి. పండ్రెండింటికి ఇంకను పరీక్షలు కావలెననిరి. పరీక్ష కావలెననుట కీడు రుజువైన దనుట కాదని గుర్తుంచుకొనవలెను.

జింకు మనకు క్రొత్తది కాదు. అదియే యశదము, మన వాడుకలో తుత్తునాగము. రాజస్థానమున జావర్ గనుల చెంత, యశదమును బట్టీపట్టి తీసిన మట్టిమూసల గుట్టలు నేటికిని కలవు. మన విశాఖపట్టణమునందును 1977 మొదలు 2012 వఱకు ఈ లోహమును కరగించు కర్మాగార ముండెను. యశదమును 907 అంశల వేడిమికి మరిగించినచో ఆవిరి లేచి, గాలిలో మండి, దూదిపూలవంటి తెల్లని పొడియై రాలును. అదియే జింకు ఆక్సైడు. రసశాస్త్రమున కంటిమందుగా చెప్పబడిన పుష్పాంజనము ఇదియే యని విద్వాంసులు పలువురు గుర్తించిరి. దురదకు పూయు గులాబిరంగు కాలమైను మందులో ముఖ్యద్రవ్యమును ఇదియే. టైటానియము మూలము భీమునిపట్టణపు సముద్రతీరమునందలి నల్లయిసుకలో గూడ కలదు. అయినను గొట్టముపై "సహజము" అను మాట చూచి మోసపోరాదు. లోనున్న పొడి కర్మాగారమున శుద్ధిచేయబడినదే. శుద్ధిచేయుటయే దాని గుణము. శుద్ధిచేయని గనిమట్టిలో సీసము మొదలగునవి యుండవచ్చును.

అట్లే నిమ్మరసము, సుగంధ తైలములు సహజములేగాని, నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినచో చర్మము బొబ్బలెక్కి నల్లమచ్చలు పడును. చందనము చల్లన, పసుపు మంగళము. అంతమాత్రమున అవి అతినీలలోహిత కిరణములకు ఆటంకములు కావు.

గొట్టము నెన్నుకొనునపుడు చూడవలసినవి నాలుగు. మొదటిది ఎస్.పి.ఎఫ్. అను అంకె. ఇది 'బి' తెగకు కొలత. 15 అను పూత నూటికి 93 పాళ్లు, 30 అనునది 97 పాళ్లు, 50 అనునది 98 పాళ్లు ఆపును. ముప్పదికిని ఏబదికిని భేద మల్పము. కావున 30కి తక్కువ కానిచో చాలును. రెండవది పి.ఎ. అను అక్షరముల ప్రక్కన నుండు కూడిక గుర్తులు. ఇది జపానువారు 1996లో ఏర్పఱచిన 'ఎ' తెగ కొలత. మూడుగాని నాలుగుగాని గుర్తులుండవలెను. మూడవది వెనుకవైపున నుండు ద్రవ్యముల పట్టిక. ముందు "మినరల్" అని వ్రాసి, వెనుక పైన చెప్పిన రసాయనములను గూడ చేర్చువారు కలరు. అందుచే వెనుకవైపే చదువవలెను. 'ఎ' తెగను ఆపుటలో టైటానియముకంటె జింకు మేలు. అది తప్పక యుండవలెను. పరిమళద్రవ్యము లేకుండవలెను, సుకుమార చర్మమునకు తఱచు కీడు చేయునది అదియే. నాల్గవది తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు సంఖ్య, గడువు తేదీ. ఇవి లేనిదానిని ముట్టరాదు.

ఖనిజపు పూత మన చాయపై తెల్లగా సున్నము పూసినట్లు కానవచ్చును. ఆ కారణమున పిల్లలు పలుచగా పూసి ఊరకుందురు, అపుడు ఫలముండదు. ఇనుపభస్మపు రంగు కలిపిన పూతలు దీనికి మందు. అవి చాయతో కలిసిపోవుటయే గాక, మంగు మచ్చలను ముదురజేయు మామూలు వెలుతురును గూడ కొంత ఆపును. మంగు గలవారికి ఇవియే శ్రేష్ఠము.

కొన్న వెంటనే ముఖమునకు పూయరాదు. మోచేతి మడతలో వారము దినములు దినమునకు రెండుసార్లు పూసి, దురదగాని ఎఱుపుగాని లేనిచో ముఖమునకు వాడవలెను. ముఖమునకును మెడకును కలిపి చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడవున రెండు చారలు పిండినంత కావలెను. బయట తిరుగువారు రెండు గంటల కొకమాఱు మఱల పూసికొనవలెను. చెమట తుడుచుకొన్నచో పూతయు పోయినట్లే. రాత్రి కడిగివేయవలెను. ఆఱు నెలలు నిండని శిశువులకు పూయరాదు. వారికి నీడయే రక్షణ.

ఇప్పుడు మొదట చెప్పిన నష్టమునకు వత్తును. ఎండపూత వేఱు, తెల్లబడు క్రీము వేఱు. ఎండపూత రంగును మార్చదు. మందుల కొట్టులలో తెల్లదనమునకని యిచ్చు క్రీములలో కొన్నిటియందు బెటామెథాసోను, క్లోబెటాసాల్, మొమెటాసోను అను స్టెరాయిడు మందులుండును. మొదటి వారములలో ముఖము నున్నగా మెఱయును. పిమ్మట చర్మము పలుచబడి, నెత్తురు నాళములు పైకి కానవచ్చి, మొటిమలు లేచి, మానినచో మండి, మానకున్న ఇంకను చెడును. అట్టి ముఖమునకు ఎండ గూడ పడదు. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వమువారు పదునాలుగు స్టెరాయిడు క్రీములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని శాసించిరి. చీటీ లేకయే అడిగి తెచ్చునది మనమే యైనచో శాసన మేమి చేయును? మఱి కొన్నిటిలో పాదరస ముండును. కేరళమున మలప్పురము జిల్లాలోని వైద్యులు 2021–23 మధ్య అట్టి క్రీములు వాడినవారికి మూత్రపిండముల వ్యాధి కలుగుట గుర్తించి ప్రకటించిరి. పెండ్లిచూపులకు నెలదినములున్నవని పిల్లచేత ఇట్టి క్రీమును పూయించిన పెద్దలు, ఆమె మేలు కోరియే ఆమె ముఖమును చెఱచినవారగుదురు. ఇదివఱకే వాడుచున్నవారు ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని చూచి ఆయన చెప్పినట్లు మానవలెను.

పొలమున పనిచేయువారికి ఈ గొట్టములు అవసరమా యందురేని, వారికి తలపాగ, నిండుచేతుల చొక్కా, గొడుగు దీనికంటె గట్టి రక్షణ, చవుక గూడ. నీడ పొట్టిగా నున్న వేళ పనినుండి విరమించుట మన పెద్దల నాటి మర్యాదయే. పూత యనునది వస్త్రము కప్పలేని ముఖమునకు మాత్రమే. ఎముకల బలమునకు వలయు ఎండను చేతులకును కాళ్లకును కొంత తగులనిచ్చుట కభ్యంతరము లేదు.

కాబట్టి పండుగకు వచ్చిన పిల్ల గొట్టము తీసినపుడు పరిహసింపక దానిని చేతికి తీసికొని వెనుకవైపు చదువుడు. జింకు కలదా, పరిమళము లేదా, లైసెన్సు సంఖ్య యున్నదా యని చూడుడు. ఉన్నచో మాఱుమాటాడక తిరిగి యిండు. మన యింటి గూటిలో చీటీ లేక తెచ్చిన తెల్లబడు క్రీము ఏదేని యున్నచో దానిపై గల పేర్లను గూడ అట్లే చదివి, పైన చెప్పిన మందులలో ఒకటి కానవచ్చెనేని దానిని వైద్యునికి చూపక యెవరికిని ఇయ్యకుడు.