నలుగురికీ ఒకే ప్రింటర్

పాడేరు జిల్లా కేంద్రమైంది 2022 ఏప్రిల్ 4న. కలెక్టరేట్ వచ్చింది, దాని వెంట కాగితం పనీ పెరిగింది. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్న ఊరు కాబట్టి దరఖాస్తులు, కుల ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ ఫారాలు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. వాటిలో కొన్నయినా ఇప్పుడు ఇంట్లోనే తయారవుతున్నాయి, అదీ మార్పు. టీచరమ్మ ల్యాప్‌టాప్‌లో మార్కుల జాబితా, కొడుకు పాత డెస్క్‌టాప్‌లో కాలేజీ ప్రాజెక్టు, ముందు గదిలో ఒక ప్రింటర్. ఈ మూడింటినీ కలపబోయేసరికి తంటా మొదలవుతుంది. "నెట్టు వస్తంది, యూట్యూబ్ ఆడతంది, ప్రింటర్ మాత్రం కనపడ్డం నేదు బావా" అని కంప్యూటర్లు తెలిసిన బావకు ఫోను వెళ్తుంది. బావ వచ్చి అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేస్తాడు. ఒక్కోసారి పని చేస్తుంది. ఎందుకు చేసిందో బావకూ తెలియదు.

ఈ చిక్కు వయసు యాభై ఏళ్లు దాటింది. అసలు కంప్యూటర్లను తీగతో కలపాలన్న ఆలోచన ఒక రూపానికి వచ్చిన చోటే ప్రింటర్ ఉంది. మన వీధుల్లో జిరాక్స్ షాపులకు పేరిచ్చిన కంపెనీయే కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధన కేంద్రం నడిపేది. 1971లో అక్కడ గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు కాపీయింగ్ మెషీన్‌ను విప్పి, అందులో లేజర్ కిరణం అమర్చి, తొలి లేజర్ ప్రింటర్ తయారు చేశాడు. అంతకు ముందు అతను పని చేసిన న్యూయార్క్ రాష్ట్రంలోని లేబొరేటరీలో పైఅధికారులకు ఆ ఆలోచన నచ్చలేదు. పట్టుబట్టి కాలిఫోర్నియాకు బదిలీ చేయించుకున్నాడు.

ఆ ప్రింటర్ సెకనుకు ఒక పేజీ అచ్చేసేది. అంగుళానికి 500 చుక్కలు. లెక్క వేసి చూడండి: ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవున్న పేజీకి రెండు కోట్ల ముప్ఫై లక్షల పైచిలుకు చుక్కలు, అవన్నీ ఒక్క సెకనులో. అప్పటికి అదే కేంద్రంలో ఆల్టో అనే చిన్న కంప్యూటర్లు ఒక్కో శాస్త్రవేత్త బల్ల దగ్గరకూ రాబోతున్నాయి. ప్రతి బల్ల పక్కనా అంత పెద్ద ప్రింటర్ పెట్టడం కుదిరే పని కాదు. ఉన్న ఒక్కదాన్నే అందరూ వాడుకోవాలి. ఆ పని రాబర్ట్ మెట్‌కాఫ్‌కు అప్పగించారు. 1973 మే 22న అతను రాసిన మెమోలో ఈథర్‌నెట్ అన్న పేరు తొలిసారి కనబడింది.

మెట్‌కాఫ్‌కు దారి చూపింది హవాయి దీవులు. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్ సందేశాలు పంపేది. ఎవరికి ఎప్పుడు పంపాలనిపిస్తే అప్పుడు పంపేస్తారు. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోతాయి, అప్పుడు ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగి మళ్లీ పంపుతారు. మెట్‌కాఫ్, అతని సహచరుడు డేవిడ్ బోగ్స్ దీనికి కొంత మర్యాద నేర్పారు. ముందు తీగ మీద ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను. లేకపోతేనే మొదలుపెట్టు. మధ్యలో ఇంకొకరి మాట అడ్డొస్తే వెంటనే ఆపు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించు, మళ్లీ అడ్డొస్తే ఇంకాస్త ఎక్కువసేపు ఆగు. అంతే. పెత్తనం చేసే కంప్యూటర్ ఒకటి మధ్యలో అక్కర్లేదు. మీ ఇంట్లో వైఫై ఈనాటికీ మాట్లాడే ముందు వింటూనే ఉంది.

ఇక్కడ ఒక చిన్న చమత్కారం ఉంది. ఆ తొలి ఈథర్‌నెట్ వేగం సెకనుకు దాదాపు ముప్ఫై లక్షల బిట్లు. ప్రింటర్‌కు కావలసింది రెండు కోట్ల పైన. మరి ఎలా సరిపోయింది? చుక్కలు పంపకుండా, ఫలానా చోట ఫలానా అక్షరం అన్న వర్ణన మాత్రమే పంపారు. ప్రింటర్ దగ్గరున్న మరో యంత్రం ఆ వర్ణనను చుక్కలుగా మార్చేది. అంటే ప్రింటర్‌కు సొంతంగా ఒక బుర్ర ఉంది. ఇప్పుడు మనం ప్రింట్ సర్వర్ అంటున్నది దాని వారసురాలే. 1985లో యాపిల్ లేజర్‌రైటర్‌ను దాదాపు ఏడు వేల డాలర్లకు అమ్మినప్పుడు, పలు కంప్యూటర్లు కలిపి వాడుకునే ఏర్పాటు చేసే అమ్మింది. అంత ఖరీదైనదాన్ని ఒక్కరి కోసం ఎవరు కొంటారు?

ప్రింటర్ సంగతి అలా ఉండగా, ఫైళ్ల కథ ఐబీఎంలో మొదలైంది. 1983 ప్రాంతంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు ఒక తెలివైన పని చేశాడు. ప్రోగ్రాము "ఈ ఫైలు తెరువు", "ఇంత చదువు", "ఇక్కడ రాయి" అని అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌ను అడుగుతుంది కదా. ఆ మాటల్ని మధ్యలో పట్టుకుని, తీగ మీదుగా పక్క కంప్యూటర్‌కు చేరవేసి, జవాబు తెచ్చిచ్చే ఏర్పాటు చేశాడు. ప్రోగ్రాముకు ఏమీ తెలియదు. ఫైలు తన డిస్కులోనే ఉందనుకుంటుంది. ప్రింటర్ విషయంలోనూ అదే మాయ: కాగితం పక్క గదిలో బయటికొస్తుంది, ప్రోగ్రామేమో తన వెనక ఉన్న కేబుల్‌కే పంపానని నమ్ముతుంది. ఈ మాటల పద్ధతికి ఎస్‌ఎంబీ అన్న పేరు స్థిరపడింది. మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి పెద్ద చేసి, 1992 అక్టోబరులో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో మామూలు ఆఫీసులకు చేర్చింది. దాదాపు అదే సమయానికి ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, తీగ మీద పోతున్న మాటల్ని ఒక్కొక్కటే గమనించి, ఎవరూ నేర్పకుండానే ఆ భాష నేర్చుకుని, సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. చాలా లైనక్స్ సర్వర్లు, ఇళ్లలో పెట్టుకునే నెట్‌వర్క్ డిస్కులు దాన్నే వాడుతున్నాయి.

ఆ రోజుల్లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుక్కునే తీరు చూస్తే నవ్వొస్తుంది. ప్రతిదీ "నా పేరు ఇదీ, ఇదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారా?" అని అందరికీ వినబడేలా కేకేసేది. అన్నీ కలిసి ఎన్నిక పెట్టుకుని ఒకదాన్ని పెద్దగా నిలబెట్టేవి. ఎవరెవరు ఉన్నారో జాబితా రాసుకోవడం ఆ పెద్ద పని. ఒక్కొక్కటీ పన్నెండు నిమిషాలకోసారి హాజరు చెప్పాలి. మూడుసార్లు పలకకపోతేనే పేరు కొట్టేసేది. కాబట్టి ప్లగ్గు పీకేసిన కంప్యూటర్ కూడా అరగంట దాటేదాకా జాబితాలో బతికే ఉండేది. "కనబడుతోంది గానీ తెరుచుకోవడం లేదు" అన్న ఫిర్యాదు అప్పటి నుంచీ ఉన్నదే.

ఇదంతా తాళాలు వేసుకోని ఊరి పద్ధతి. ఒకే గదిలో, ఒకే ఆఫీసులో, ఒకరినొకరు ఎరిగినవాళ్ల కోసం రాసిన నియమాలు. ఎవరైనా రావచ్చు, ఎవరినైనా నమ్మవచ్చు. ఆ ఊరి మధ్యలోంచి ఇంటర్నెట్ అనే జాతీయ రహదారి పడింది. తలుపులు మాత్రం చాలా ఏళ్లు తెరిచే ఉన్నాయి.

2017 మే 12న ఆ సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది. వాన్నాక్రై అనే పురుగు ఎస్‌ఎంబీ తొలి రూపంలోని లోపం గుండా, 445 నంబరు పోర్టులోంచి, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దానంతటదే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. లోపాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకోని వాళ్లు వేసుకోలేదు.

నా దృష్టిలో ఈ షేరింగ్ ఏర్పాటు జీవితంలో అసలు మలుపు అదే. తలుపులు ఒక్కొక్కటే మూసుకోవడం అక్కడి నుంచి జోరందుకుంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 రూపంలో ఎస్‌ఎంబీ తొలి వెర్షన్ ముందుగా ఉండకుండా తీసేశారు. 2018 ఏప్రిల్ నాటి రూపంలో హోమ్‌గ్రూప్ అన్న సులువైన ఏర్పాటే మాయమైంది. 2021లో వంతు ప్రింటర్‌కు వచ్చింది: ప్రింట్ పనులను వరసలో నడిపే ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది, జులైలో హడావిడిగా అతుకు వేశారు, ఆగస్టు నుంచి ప్రింటర్ డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేశారు, సెప్టెంబరు అప్‌డేట్‌తో మరో కట్టుబాటు వచ్చి చేరింది. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త రూపం, మాట్లాడే ప్రతి మాట మీదా సంతకం ఉందా అని చూస్తోంది.

అందుకే నిన్నటిదాకా బాగా నడిచిన షేరింగ్ ఇవాళ ఆగితే, ఏదో చెడిపోయిందని అనుకోకూడదు. చాలాసార్లు ఎవరో కావాలనే ఒక తలుపు మూశారు. ఏ తలుపో కనుక్కోవాలి.

పాడేరు ఇంటికి వద్దాం. ముందు చూడాల్సింది, రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అని. నెట్ వస్తోందంటే ఉన్నట్టే కదా అనుకుంటాం. కాదు. నెట్ కంపెనీ వాళ్లు బిగించిన ఫైబర్ పెట్టె ముందు గదిలో ఉంటుంది, వెనక గదికి సిగ్నల్ అందలేదని మనం ఇంకో రౌటర్ కొని దానికి తగిలిస్తాం. రెండూ విడివిడిగా చిరునామాలు (ఐపీ అడ్రస్‌లు) పంచుతాయి. ముందు గది డెస్క్‌టాప్‌కు 192.168.1.7 వస్తే, వెనక గది ల్యాప్‌టాప్‌కు 192.168.0.4 వస్తుంది. మూడో సంఖ్య చూడండి: ఒకటి 1, ఇంకొకటి 0. ఈ రెండూ వేరు వేరు వీధులు. యూట్యూబ్ ఇద్దరికీ వస్తుంది, ఒకరికొకరు మాత్రం కనబడరు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతికి మారిస్తే సరిపోతుంది. చిరునామా 169.254తో మొదలైతే కథ వేరు. ఆ కంప్యూటర్‌ను రౌటర్ పలకరించనే లేదు, తనకు తానే ఏదో నంబరు తగిలించుకుంది. కేబులో, వైఫైయో చూసుకోవాలి.

గాలీవానకు ఘాట్‌లో చెట్టు కూలి కరెంటు పోవడం ఏజెన్సీలో మామూలే. కరెంటు తిరిగొచ్చాక చాలా చవక రౌటర్లు పాత లెక్కలు మరిచి, ఎవరు ముందు లేస్తే వాళ్లకు ముందు నంబరు ఇస్తాయి. నిన్న 5లో ఉన్న వైఫై ప్రింటర్ ఇవాళ 3లో లేస్తుంది. కంప్యూటర్ మాత్రం 5నే పట్టుకుని వేలాడుతుంది. ప్రింటర్ ఆఫ్‌లైన్ అని వస్తుంది. ప్రింటర్ మాత్రం పచ్చ లైటు వెలిగించుకుని నిక్షేపంగా ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో ఆ ప్రింటర్‌కు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయిస్తే ఈ పీడ వదులుతుంది. బావ అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి పని చేయడానికి ఒక కారణం, నంబర్లు ఆ పూట అదృష్టవశాత్తూ పాత వరసలో పడడం.

విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను చూడగానే దాన్ని పబ్లిక్‌గా లెక్కవేస్తుంది, అంటే బస్టాండులో కూర్చున్నట్టే. ఇల్లని మనమే చెప్పాలి: ప్రైవేట్‌కు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయాలి. అయినా పేరు జాబితాలో కనబడకపోతే కంగారు పడొద్దు. రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఐపీ అడ్రస్ రాసి చూడండి. తెరుచుకుంటే దారి బాగానే ఉంది, పేర్ల జాబితాయే సరిగా లేదు.

ఇక పాస్‌వర్డ్. ఇక్కడే ఎక్కువమంది జుట్టు పీక్కుంటారు. రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఆ ఒక్క మెషీన్‌కే పనికొస్తుంది, తీగ మీదుగా ఇంకో మెషీన్‌కు చెల్లదు. అసలు పాస్‌వర్డే పెట్టని ఖాతాను నెట్‌వర్క్ మీదుగా రానివ్వడం విండోస్ ఎక్స్‌పీ కాలంలోనే మానేసింది. ఫైళ్లున్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక ఖాతా తెరిచి, దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఒక్క ఫోల్డర్‌కే అనుమతివ్వడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. అందరికీ అన్నీ తెరిచిపెట్టడం సులువే. తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో 2017లో చూశాం.

11బీ అన్న తోకతో ముగిసే ఎర్రర్ వస్తే అది 2021 సెప్టెంబరు నాటి కట్టుబాటు. రక్షణను ఆపేసే ఒక రిజిస్ట్రీ చిట్కా ఎవరో ఒకరు చెబుతారు. అది వద్దు. రెండు కంప్యూటర్లకూ అప్‌డేట్లు పూర్తిగా వేయండి, చాలాసార్లు చాలు. వరసలో ఒక పేజీ ఇరుక్కుని మిగతావన్నీ దాని వెనక ఆగితే ప్రింట్ స్పూలర్ సేవను ఆపి, వరస ఖాళీ చేసి, మళ్లీ నడపాలి. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్ నిద్రపోతే ప్రింటరూ నిద్రపోయినట్టే. ఇవి చిన్నవి.

మన భాషకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. డీటీపీ సెంటరులో అను ఫాంటుతో కొట్టించిన కరపత్రాన్ని పక్క కంప్యూటర్‌లో తెరవండి. తెలుగు పోయి, ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ఫైలు ఒక్క బిట్టు కూడా పోకుండా క్షేమంగా వచ్చింది, షేరింగ్ తప్పేమీ లేదు. రానిది ఫాంటు. యూనికోడ్‌లో ఈ బాధ లేదు. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పటి నుంచి విండోస్‌లో యూనికోడ్ తెలుగు ఉంది. అయినా పాత ఫాంట్ల ఫైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. అలాంటివాటిని ఆ ఫాంటున్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి పంచుకోండి.

కథ ఇంకా ముగియలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో డ్రైవర్ ఇచ్చే పద్ధతికి స్వస్తి చెబుతామని, విండోస్ అప్‌డేట్ ద్వారా వాటిని అందించడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. ఇకపై ప్రింటర్లు ఐపీపీ అనే ఉమ్మడి భాషలో మాట్లాడాలన్నది ఉద్దేశం. ఫోను నుంచి నేరుగా ప్రింట్ తీసుకుంటున్నవాళ్లలో చాలామందికి తెలియకుండానే అది అందుతోంది.

కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: యూఎస్‌బీ మాత్రమే ఉన్న ప్రింటర్ తీసుకోకండి. వైఫై గానీ నెట్‌వర్క్ సాకెట్ గానీ ఉన్నది తీసుకుంటే, దాన్ని పంచడానికి ఇంకో కంప్యూటర్ మేలుకుని ఉండనక్కర్లేదు, పైన చెప్పిన చిక్కుల్లో చాలా వరకు రావు. దానికి కేటాయించిన చిరునామాను ఒక చీటీ మీద రాసి ప్రింటర్ మూతకు అంటించండి. విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంట్లో ఆ పాత మెషీన్ ఇంకా ఉంటే, దానిలో షేరింగ్ ఆన్‌లో పెట్టే ముందు ఆ తేదీ గుర్తు చేసుకోండి.