పాత పికప్ కొనేముందు... కాస్త ఆగండి!

మదనపల్లె: సంతలో ఎద్దును కొనాలంటే మన రైతు పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, వీలైతే కాడి కట్టి మరీ చూస్తాడు. అదే రైతు లక్షలు పోసి పాత డీజిల్ పికప్ కొనేటప్పుడు మాత్రం కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాడు. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత పాత బండ్ల బేరాలకు సరిగ్గా సరిపోతుంది.

మదనపల్లె టమాటా మార్కెట్టుకు చుట్టుపక్కల పల్లెల నుంచి క్రేట్లు చేరవేయడంలో పికప్‌లదే పెద్ద పాత్ర. సొంత బండి ఉంటే బాడుగ మిగులుతుందని, ఇరుగు పొరుగు సరుకు వేసుకుంటే నాలుగు రాళ్ళు వస్తాయని యువ రైతులు ఆశపడటం సహజం. కొత్త బండి ధర అందనివారు పాతదాని కోసం చూస్తారు. అందులో తప్పు లేదు. చూసి కొన్న పాత బండి ఏళ్ళ తరబడి అన్నం పెడుతుంది. చూడకుండా కొన్నది పొలం తాకట్టు దాకా తీసుకుపోతుంది. కనుక ఏమేమి చూడాలో తెలుసుకోవడం అవసరం.

చల్లటి ఇంజన్‌నే చూడాలి

బండి చూడటానికి తెల్లవారుజామునే వెళ్ళాలి. మీరు వచ్చేసరికే ఇంజన్ వెచ్చగా ఉంటే అనుమానించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందేమో మీకు తెలియకుండా ముందే వేడి చేసి ఉంచుతారు. బాగున్న డీజిల్ ఇంజన్ పొద్దున్నే పెద్దగా సతాయించకుండా అందుకుంటుంది. తోస్తేగాని కదలని బండి అయితే బ్యాటరీ, స్టార్టర్ మోటారు, ఇంజన్ కంప్రెషన్ - ఈ మూడింటిలో ఏదో ఒకటి దెబ్బ తిన్నదన్నమాట.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడండి. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉండటం మామూలే. మజ్జిగలా తెల్లగా, నురగగా ఉంటే మాత్రం ఆయిల్‌లో నీళ్ళు కలిశాయని అర్థం. రేడియేటర్ మూత కూడా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ళపై ఆయిల్ జిడ్డు తేలుతుంటే ఆ బండి జోలికి పోకపోవడమే మంచిది.

పొగను బట్టి రోగం

స్టార్ట్ చేశాక వెనక నిలబడి పొగ చూడాలి. నల్ల పొగ దట్టంగా వస్తుంటే ఇంజెక్టర్లు, టర్బో, ఎయిర్ ఫిల్టర్‌లలో లోపం ఉండవచ్చు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఇంజన్ వేడెక్కినా తెల్ల పొగ తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతుండవచ్చు, లేదా డీజిల్ సరిగా మండకపోవచ్చు.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి చూడండి. కొద్దిగా ఆవిరి వస్తే భయం లేదు. పొయ్యి ఊదినట్లు గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే మెకానిక్కులు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. పిస్టన్ రింగులు, బోరు అరిగిపోయాయని దాని అర్థం. ఇంజన్ విప్పడానికయ్యే ఖర్చును అప్పుడే లెక్కలోకి తీసుకుని బేరమాడాలి.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆ తర్వాత తయారైన డీజిల్ బండ్లలో పొగను శుద్ధి చేసే పరికరాలు, సెన్సార్లు ఎక్కువ. తాళం తిప్పగానే ఇంజన్ గుర్తు లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా స్కానర్ ఉన్న మెకానిక్కుకు చూపించనిదే బేరం ముగించరాదు.

బండి కిందికి దూరండి

పికప్‌కు ఛాసిసే వెన్నెముక. సామర్థ్యానికి మించి సరుకు మోసిన బండి గుట్టు అక్కడే బయటపడుతుంది. క్యాబిన్ వెనక భాగంలోనూ, కమాన్ పట్టీలు బిగించిన చోట్లా పగుళ్ళు, వెల్డింగు అతుకులు ఉన్నాయేమో టార్చిలైటు వేసి చూడాలి. కింద మాత్రమే కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగాలి. కమాన్‌కు అదనపు పట్టీలు వేసి ఉంటే ఆ బండి ఎక్కువ బరువు మోసిందనడానికి అదే సాక్ష్యం. టైర్లు ఒక పక్కే అరిగి ఉంటే ముందు భాగాలు వంకర పోయి ఉండవచ్చు.

తోలి చూసేటప్పుడు చదును రోడ్డు చాలదు. ఎక్కుడులో, వీలైతే కొంత సరుకు వేసి తోలాలి. ఇంజన్ అరుస్తున్నా బండి ముందుకు లాగకపోతే క్లచ్ జారుతోంది. దిగుడులో గేరు తనంతట తాను ఊడిపోతే గేర్‌బాక్సు అరిగింది. వెనక హౌసింగ్ నుంచి ఈల వంటి శబ్దం వచ్చినా ఖర్చు తప్పదు. మీటరులోని కిలోమీటర్లను మాత్రం నమ్మరాదు. పెడల్ రబ్బర్లు, సీటు, స్టీరింగు ఎంత అరిగాయో చూస్తే నిజం తెలుస్తుంది.

కాగితాలే కీలకం

చెడిన ఇంజన్‌ను మెకానిక్కు బాగుచేయగలడు. చెడిన కాగితాన్ని బాగుచేయడం కష్టం. సి-బుక్కులోని ఛాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు బండిపై ఉన్నవాటితో ఒక్కొక్క అంకె సరిచూడాలి. ఎఫ్.సి., బీమా, పొల్యూషన్ గడువులు, పన్ను, చలానాల బాకీలు తెలుసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నెంబరు కొట్టినా కొన్ని వివరాలు తెలుస్తాయి. సరుకు బండ్లకు ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్.సి. చేయించాలి.

సి-బుక్కులో ఖాళీ బరువు, మొత్తం బరువు అని రెండు ఉంటాయి. ఆ రెండింటి తేడాయే మీరు చట్టప్రకారం మోయగల బరువు. ఉదాహరణకు మొత్తం బరువు 2,990, ఖాళీ బరువు 1,700 కిలోలు అయితే మిగిలేది 1,290 కిలోలే. క్రేటు ఒక్కింటికి 30 కిలోలు వేసుకున్నా 43 క్రేట్లు దాటవు. 'వంద క్రేట్లు లాగుతుంది' అని అమ్మేవారు చెప్పే మాటను ఈ లెక్కతో సరిచూసుకోవాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటిన బండికి పర్మిట్ కూడా కావాలి.

బండిపై ఫైనాన్స్ ఉంటే సి-బుక్కులోనే రాసి ఉంటుంది. 'మిగిలిన కంతులు మీరు కట్టుకోండి' అనే బేరం ప్రమాదకరం. అప్పు అమ్మినవారి పేరునే ఉంటుంది, కంతు తప్పితే బండి మీ ఇంటి ముందు నుంచి పోతుంది. అప్పు పూర్తిగా తీరి, ఫైనాన్స్ వారు ఫారం 35పై సంతకం చేసి, ఎన్.ఓ.సి. ఇచ్చాకే పూర్తి పైకం ఇవ్వాలి.

కోలారు, చింతామణి వైపు నుంచి కర్ణాటక బండ్లు కొనేవారు మరింత జాగ్రత్త పడాలి. అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 ఎన్.ఓ.సి. తేవాలి. ఇక్కడ పన్ను కట్టి కొత్త నెంబరు తీసుకోవాలి. ఆ ఖర్చంతా కలిపి చూస్తే చౌక బేరం చౌక కాకపోవచ్చు.

పేరు మార్చనిదే బండి మీది కాదు

నోటరీ కాగితం రాసుకున్నంత మాత్రాన బండి మీ పేరున మారదు. ఫారం 29, 30లపై ఇద్దరూ సంతకాలు చేసి ఆర్.టి.ఓ.కు దరఖాస్తు చేయాలి. ఇందులో అమ్మేవారి మేలు కూడా ఉంది. చేతులు మారిన బండి ప్రమాదం చేసినా, రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. అంటే అమ్మి డబ్బు తిన్న మనిషికి ఏడాది తర్వాత కూడా పరిహారం నోటీసు రావచ్చు. బీమాను కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. లేకుంటే మీ బండికి నష్టం జరిగినప్పుడు పరిహారం చిక్కుల్లో పడుతుంది.

కాబట్టి బేరం కుదిరిన రోజునే పైకమంతా చేతిలో పెట్టరాదు. కొంత ఆపి, పేరు మారాక ఇస్తామని కాగితంపై రాయించుకోవాలి. అమ్మేవారు పంపిన మెకానిక్కును కాక, మీకు నమ్మకమైన మెకానిక్కును కూలి ఇచ్చి వెంట తీసుకుపోవాలి. అతనికిచ్చే ఒక పూట కూలి మీ ఏడాది కష్టాన్ని కాపాడుతుంది.