అమ్మీ చేతి కేకు విదేశంలో ఎందుకు కుదరడం లేదు?

నూజివీడు తోటల్లో కోతలు సాగే కాలంలోనే కొన్నేళ్లుగా బక్రీద్ వస్తోంది. ఇంట్లో రసాల గుజ్జుతో కేకు చేసే సమయానికి కువైట్ నుంచో డల్లాస్ నుంచో కూతురి వీడియో కాల్ వస్తుంది.

"అమ్మీ, మైదా ఎంత?"

"మన స్టీలు గ్లాసుతో రెండు, బేటా. బియ్యం కొలిచే గ్లాసే."

చెప్పినట్టే చేస్తుంది. అయినా కేకు మధ్యలో కుంగిపోతుంది, లేదంటే గట్టిపడుతుంది. "నా చేతికి రాదులే" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. తప్పు చేతిది కాదు. కొలత, పిండి, వేడి, డబ్బాలో సరుకు అన్నీ మారిపోయాయి.

కొలత

అమ్మీ గ్లాసు ఆ ఇంటికే తెలుసు. పోనీ కప్పుతో కొలుద్దామంటే అదీ అన్ని దేశాల్లో ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250. ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు, మిగతా చాలా చోట్ల 15. అందుకే ఆ గ్లాసుతో మైదా, చక్కెర ఒక్కసారి కిరాణా కొట్టు కాటా మీద తూయించి గ్రాములు రాసుకుంటే మేలు. గ్రాము ఎక్కడైనా గ్రామే.

పిండి

అమెరికాలో 'ఆల్ పర్పస్' అనే పిండి మన మైదాకు దగ్గరే గానీ, అందులో ప్రోటీన్ సాధారణంగా కొంచెం ఎక్కువ. ఎక్కువసేపు కలిపితే జిగురు పెరిగి కేకు సాగుతుంది. పిండి వేశాక కలిసేంత వరకే తిప్పి ఆపేయాలి. బ్రిటన్‌లో 'సెల్ఫ్ రైజింగ్' పిండి కొంటే అందులో బేకింగ్ పౌడర్ ముందే ఉంటుంది. మళ్లీ వేస్తే పొంగి కుంగిపోతుంది.

వేడి

ఇక్కడ చాలా ఇళ్లలో కేకంటే కుక్కర్ కేకే. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఇసుకో ఉప్పో పోసి చేస్తారు. మూత ఉండటంతో తేమ లోపలే తిరుగుతుంది. ఓవెన్ వేడి పొడిగా ఉంటుంది కాబట్టి కుక్కర్ లెక్క ప్రకారం ఉంచేస్తే కేకు ఎండిపోతుంది. అమెరికా ఓవెన్‌లో 350 కనబడితే కంగారు పడొద్దు, అది ఫారన్‌హీట్. మన సెల్సియస్‌లో సుమారు 180. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించాలి.

ఇక్కడి నుంచి చిన్న ఓవెన్ మోసుకెళ్లడం కూడా దండగే. 230 వోల్టులకు చేసిన ఓవెన్ అమెరికాలో 120 వోల్టుల మీద పావు వంతు వేడే ఇస్తుంది.

మామిడి గుజ్జు

రసాలు పీల్చుకు తినే పండ్లు, పీచు ఎక్కువ. కేకులో వేయాలంటే జల్లెడ పట్టాలి. 2007 నుంచి అమెరికాకు మన మామిడి రేడియేషన్ శుద్ధి తర్వాత వెళ్తోంది గానీ, ప్రయాణికులు సూట్‌కేసులో పండ్లు తీసుకెళ్లడానికి వీల్లేదు. కాబట్టి అక్కడ ఎక్కువ మందికి డబ్బా గుజ్జే దిక్కు. అది కేసర్, అల్ఫాన్సో, లేదా మనం కలెక్టరు కాయ అనే తోతాపురిది. చాలా డబ్బాల్లో చక్కెర ముందే కలిపి ఉంటుంది. లేబుల్ చూసి ఆ మేరకు చక్కెర తగ్గించాలి. గుజ్జులోనే నీరు ఉంటుంది కనుక పాలూ తగ్గించాలి.

హలాలా, కాదా?

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. జెల్లీలు, మార్ష్‌మాలోల్లో వాడే జెలటిన్ పంది నుంచి తీసినదీ కావచ్చు. 'లార్డ్' అంటే పంది కొవ్వు. ఇ471 అనే పదార్థం మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. అమెరికాలో 'వెనిలా ఎక్స్‌ట్రాక్ట్' అని అమ్మాలంటే చట్టం ప్రకారం కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. దాని బదులు వెనిలా పొడి, లేదంటే మన యాలకులు వాడుకోవచ్చు. జెలటిన్‌కు బదులు చైనా గ్రాస్ ఉండనే ఉంది. లేబుల్ చూసినా అనుమానం తీరకపోతే హలాల్ గుర్తు ఉన్న సరుకు కొనడం, దగ్గరి మసీదులో ఆలిమ్‌ను అడగడం మంచిది.

పండగ రోజున వచ్చిన పిల్లలకు, పక్కింటివాళ్లకు నిశ్చింతగా పెట్టగలిగినప్పుడే ఆ కేకుకు రుచి. ఈసారి కాల్‌లో "ఎన్ని గ్లాసులు?" అని కాక "ఎన్ని గ్రాములు, అమ్మీ?" అని అడిగితే సగం పని అయినట్టే.