తీవ్ర వ్యాయామము - రక్తములోని మాంసకృత్తులు

వ్యాయామము దేహమునకు మేలు చేయునని అందరెరుగుదురు. కాని అలవాటు లేని దేహముచే ఒక్కసారిగా మితిమీరిన శ్రమ చేయించినచో దాని ఫలితము రక్తములో కనబడును. సైన్యమునందును, పోలీసు శాఖయందును ఉద్యోగములకై పరుగు పరీక్షలకు సిద్ధపడు యువతీయువకులును, వారి తల్లిదండ్రులును ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

రక్తద్రవములో నేమున్నది?

రక్తమునుండి కణములను వేరుచేయగా మిగులు పసుపువన్నె ద్రవమే ప్లాస్మా. ఒక లీటరు ప్లాస్మాలో సుమారు 60 మొదలు 80 గ్రాముల మాంసకృత్తులుండును. అందు సగమునకు మించినది అల్బుమిన్. ఇది కాలేయములో తయారై, రక్తనాళములలో నీటిని నిలిపియుంచును. హాప్టోగ్లోబిన్ అను మరియొకటి, పగిలిన ఎర్రకణములనుండి వెలువడు హీమోగ్లోబిన్‌ను పట్టుకొని మూత్రపిండములను కాపాడును.

శ్రమవేళ కలుగు మార్పులు

వేగముగా పరుగెత్తునపుడు ప్లాస్మాలోని నీరు కొంత కండరములలోనికి పోవును. కొంత చెమటగా వెడలును. ప్లాస్మా నూటికి 10 మొదలు 20 వంతుల వరకు తగ్గవచ్చును. మాంసకృత్తులు నాళములను సులభముగా దాటజాలవు గనుక అవి చిక్కబడును. విశ్రాంతియు నీరును లభించినచో ఇది సర్దుకొనును. పిమ్మట ఒకటి రెండు దినములలో నాళములయందు అల్బుమిన్ హెచ్చి, తనతో నీటిని నిలుపుటచే ప్లాస్మా పూర్వముకంటె అధికమగును. క్రమముగా అభ్యసించువారు శ్రమను, ఎండను ఓర్చుకొనగలుగుటకు ఇదియొక కారణము.

దీర్ఘమైన పరుగులో అరికాళ్ళు నేలను మోదుటచే కొన్ని ఎర్రకణములు పగులును. 1881లో ఫ్లైషర్ అను జర్మను వైద్యుడు, కవాతు చేసిన సైనికుని మూత్రము ఎర్రబడుటను వర్ణించెను. ఇట్టి శ్రమలో హాప్టోగ్లోబిన్ ఖర్చయి తగ్గును.

శ్రమించిన కండరములు ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థమును విడుచును. దాని ప్రేరణచే కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేయును. ఇది మరునాడు హెచ్చి, కొలది దినములలో తగ్గును. అంటువ్యాధులలోను ఇది పెరుగును గనుక, రక్తపరీక్షకు ముందు చేసిన శ్రమను వైద్యునకు తెలుపవలెను.

అపాయము ఎప్పుడు?

కండరములు మితిమీరి చితికినచో వానిలోని మయోగ్లోబిన్ రక్తములో చేరును. దీనిని హాప్టోగ్లోబిన్ పట్టియుంచదు. అది మూత్రపిండములలోనికి పోయి వానిని దెబ్బతీయగలదు. కండరములు వాచి భరింపరాని నొప్పి కలిగినను, మూత్రము పాలులేని తేనీరువలె నల్లబడినను, పరిమాణము తగ్గినను, తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యము ప్రాణాంతకము కావచ్చును. వంశపారంపర్యముగా సికిల్ సెల్ లక్షణము గలవారికి ఈ ప్రమాదము అధికము. ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులలో కొందరికి ఈ లక్షణము కలదు గనుక, వారు ముందుగా రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

పాటింపవలసిన నియమములు

1. పరీక్షకు కొన్ని వారములు ముందే అభ్యాసము ప్రారంభించి, దూరమును కొంచెము కొంచెముగా పెంచవలెను.
2. ఎండకు దేహము అలవాటుపడుటకు 10 మొదలు 14 దినములు పట్టును. నడిమధ్యాహ్నము పరుగెత్తరాదు.
3. దాహమునుబట్టి నీరు త్రాగవలెను. చెమట విశేషముగా పోయినచో ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.
4. జ్వరము, విరేచనములు ఉన్నపుడు కఠినశ్రమ కూడదు.
5. నొప్పిమాత్రలు మ్రింగి పరుగెత్తరాదు. వానిలో కొన్ని మూత్రపిండములకు హాని చేయును.

ఉద్యోగపరీక్షలో తప్పినవారు మరల ప్రయత్నింపవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు. దేహము ఇచ్చు హెచ్చరికను గుర్తించి ఆగుట పిరికితనము కాదు, వివేకము.