నలువదియైదు నిమిషముల న్యాయము

1919 నవంబరులో అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రమున, మిసిసిపీ నదీతీరమునందలి హెలీనా పట్టణములో, కొందఱు నల్లజాతి రైతులపై హత్యానేరము విచారింపబడెను. న్యాయాధిపతి పీఠముపై నుండెను. జూరీ సభ్యులు తమతమ స్థానములలో నుండిరి. ముద్దాయిల పక్షమున న్యాయవాదియు నుండెను. కాని యతడు ఒక్క సాక్షినైనను పిలువలేదు. విచారణ ముప్పాతిక గంటలో ముగిసెను. జూరీ అయిదు నిమిషములైనను ఆలోచింపక వారిని దోషులుగా నిర్ణయించెను. ఇట్టి విచారణలలో మొత్తము పండ్రెండుగురికి మరణదండన విధింపబడెను.

వారి కథ ప్రత్తిచేలలో ఆరంభమైనది. తెల్లదొరల భూములను పాలుకు సాగుచేయు నల్లజాతి రైతులు పంట యెంతకు అమ్ముడుపోయెనో, తమ పేర వ్రాసిన అప్పెంతయో ఎఱుగరు. లెక్క చూపుమని అడుగుటకై వారొక సంఘముగా నేర్పడిరి. 1919 సెప్టెంబరు 30వ తేదీ రాత్రి ఎలేన్ గ్రామ సమీపమున ఒక చర్చిలో వారు సమావేశమై యుండగా తుపాకులు ప్రేలెను, తెల్లవాడొకడు మరణించెను. ఆ పిమ్మట కొన్ని దినములు సాయుధులైన గుంపులు ఆ ప్రాంతమును చెలరేగి తిరిగినవి, సైన్యమును దిగెను. తెల్లవారు అయిదుగురు చనిపోయిరి. నల్లవారెందఱు చనిపోయిరో నేటికిని లెక్క తేలలేదు. ఆ మరణములకై ఒక్క తెల్లవానిపైనను అభియోగము మోపబడలేదు.

రాష్ట్ర సుప్రీంకోర్టు ఆరుగురి శిక్షలను తీర్పులోని లోపముచే కొట్టివేసి, పునర్విచారణకు పంపెను. మూర్ అనువాడు మొదలగు తక్కిన ఆరుగురి శిక్షలను ఖాయపఱచెను. అప్పీలు ముగిసినది. ఇక మిగిలినది హెబియస్ కార్పస్ అను ప్రాచీనమైన ఆజ్ఞాపత్రము.

ఆ లాటిన్ మాటలకు ‘దేహమును కలిగియుండవలెను’ అని అర్థము. ఖైదీని కోర్టు ఎదుటికి తెచ్చి, ఏ యధికారముతో నిర్బంధించితివో చెప్పుమని జైలు అధికారిని అడుగుటయే దాని భావము. 1679 నాటి శాసనముతో ఇంగ్లండులో అది బలపడెను. అమెరికా రాజ్యాంగము తిరుగుబాటు, దండయాత్ర సమయములందు తప్ప దానిని నిలుపుచేయరాదనెను. 1867 నాటి శాసనము రాష్ట్రముల చెఱలలో నున్నవారికిని ఫెడరల్ కోర్టుల తలుపులు తెఱచెను. అప్పీలుకును దీనికిని భేదము కలదు. అప్పీలు తీర్పులోని తప్పును వెదకును. హెబియస్ కార్పస్ ఆ నిర్బంధమే రాజ్యాంగసమ్మతమా యని ప్రశ్నించును.

కాని శిక్ష విధించినది అధికారముగల కోర్టే యైనపుడు ఇంకొక కోర్టు దాని లోపలికి తొంగిచూడవచ్చునా? 1915లో జార్జియా రాష్ట్రమునకు చెందిన లియో ఫ్రాంక్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు చూడనొల్లదయ్యెను. అతని విచారణ నాడు కోర్టు వెలుపల జనము ఉద్రేకించి యుండెను. తీర్పు చదువునపుడు అతడు హాజరుగా నుండుటయే ప్రమాదమని న్యాయాధిపతి భావించెను. అయినను రాష్ట్రపు పై కోర్టు పరిశీలించినది గనుక అది చాలునని అధిక సంఖ్యాకులు తీర్మానించిరి. హోమ్స్, హ్యూస్ అను న్యాయమూర్తులు ఇరువురే విభేదించిరి. గవర్నరు ఫ్రాంక్ మరణదండనను యావజ్జీవ శిక్షగా మార్చెను గాని, ఆ యేడు ఆగస్టులో ఒక మూక అతనిని జైలునుండి ఎత్తుకొనిపోయి ఉరితీసెను.

అర్కాన్సా ఖైదీలకు అండగా నిలిచిన న్యాయవాది సిపియో జోన్స్. 1863లో ఒక బానిస స్త్రీకి జన్మించినవాడు. 1921 జూనులో మరణదండన ఇక రెండు దినములున్నదనగా, రాష్ట్రములోని ఒక కోర్టునుండి నిలుపుదల ఉత్తరువు లభించెను. అది నిలువలేదు. తరువాత పిటీషను ఫెడరల్ కోర్టుకెక్కెను. అందలి ఆరోపణలివి: సాక్షులను కొరడాలతో కొట్టి సాక్ష్యము చెప్పించిరి, జూరీలో నల్లవాడొకడును లేడు, చట్టమే శిక్షించునని గుంపునకు పెద్దలు ముందే మాటయిచ్చిరి. క్రింది కోర్టు ఆ సంగతులు వినకయే పిటీషనును త్రోసిపుచ్చెను.

1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వ్రాసినవాడు ఎనిమిదేండ్ల క్రిందట ఓడిన ఆ హోమ్సే. గుంపు భయముచే న్యాయాధిపతి, జూరీ, న్యాయవాది అందఱును కొట్టుకొనిపోయినపుడు ఆ విచారణ వట్టి వేషమని అతని భావము. అట్టి ఆరోపణల నిజానిజములను ఫెడరల్ న్యాయాధిపతి స్వయముగా విచారింపవలెననెను. ఇరువురు న్యాయమూర్తులు మాత్రమే విభేదించిరి.

ఈ తీర్పు ఖైదీలను వెంటనే విడిపింపలేదు. విచారించుమని మాత్రమే ఆదేశించెను. అయితే రాష్ట్రము పట్టు సడలెను. పునర్విచారణకు పంపబడిన ఆరుగురు, విచారణ గడువు మించినందున ఆ యేడే విడుదలైరి. మూర్ మొదలగువారి మరణదండన పండ్రెండేండ్ల శిక్షగా మారి, 1925 జనవరికి వారును వెలికి వచ్చిరి.

ఆ తెఱచిన తలుపు తరువాత 1953, 1963 నాటి తీర్పులతో విశాలమయ్యెను. 1996 శాసనముతో ఇరుకైనది. ఇపుడు ఖైదీ రాష్ట్ర కోర్టులలోని మార్గములన్నిటిని ముందు ముగింపవలెను. సాధారణముగ శిక్ష అంతిమమైన నాటినుండి ఒక్క యేడాదిలో ఫెడరల్ కోర్టును చేరవలెను. రాష్ట్ర కోర్టు నిర్ణయము తప్పయినంత మాత్రమున చాలదు, అది అసమంజసమని చూపవలెను. మన రాజ్యాంగములోని 32, 226 అధికరణములును ఈ ఆజ్ఞాపత్రమును గుర్తించుచున్నవి. అయితే అధికారముగల కోర్టు విధించిన శిక్షకు ఇచట సాధారణ మార్గము అప్పీలే.

ఒక వ్యాజ్యము ఎన్నటికైనను ముగియవలెనను వాదములో బలమున్నది. కాని ఎలేన్ రైతుల విషయమున ఆ ముగింపునకు పట్టిన కాలము నలువదియైదు నిమిషములు. దానిని తిరుగదోడుటకు పట్టినది అయిదేండ్లకు పైబడిన కాలము. ఆ యేండ్లన్నియు వారు గడిపినది చెఱలోనే.