కత్తి ఒక దేశంలో... కుట్లు ఇంకో దేశంలో

2023 మార్చిలో నలుగురు స్నేహితులు అమెరికాలోని సౌత్ కరోలినా నుంచి కారులో బయల్దేరి, టెక్సస్ సరిహద్దు దాటి మెక్సికోలోని మటమోరోస్ పట్టణంలో అడుగుపెట్టారు. వారిలో ఒకామెకు అక్కడి క్లినిక్‌లో టమ్మీ టక్, అంటే వేలాడే పొట్టను కోసి బిగించే ఆపరేషన్ జరగాలి. క్లినిక్ గుమ్మం చూడకముందే ముఠా దుండగులు కాల్పులు జరిపి నలుగుర్నీ ఎత్తుకుపోయారు. ఇద్దరు ప్రాణాలతో మిగల్లేదు. ప్రపంచమంతా ఆ వార్త చూసింది.

అదే ఊళ్లో, అవే నెలల్లో, చప్పుడు లేకుండా మరో ఘోరం జరుగుతోంది. రెండు క్లినిక్‌లలో కాస్మెటిక్ సర్జరీల కోసం వెన్నులోకి ఇచ్చిన మత్తు ద్వారా ఫ్యుజేరియం అనే ఫంగస్ రోగుల మెదడు పొరల్ని చేరింది. ఆ ఏడాది మే 13న క్లినిక్‌లు మూతపడేసరికి, అక్కడ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అమెరికాలో పలు రాష్ట్రాలకు వెళ్లిపోయారు. ఆ దేశపు వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ, రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కలిసి వాళ్లను ఒక్కొక్కరినీ వెతికి, ఒంట్లో బాగానే ఉందనిపించినా వెన్నునీటి పరీక్ష చేయించుకోవాలని చెప్పాల్సి వచ్చింది. ఈ జబ్బు తలనొప్పితో మొదలవుతుంది. ఆ తలనొప్పి రావడానికే కొందరికి వారాలు పట్టింది. పలువురు చనిపోయారు.

తుపాకులకు చిక్కడం అరుదైన దురదృష్టం. రెండో కథ మాత్రం అందం కోసం దేశం దాటే ఎవరిదైనా కావచ్చు. ఎందుకంటే ఈ ప్రయాణాల్లో గండం ఎక్కువగా పొంచి ఉండేది ఆపరేషన్ తర్వాతి రోజుల్లోనే: హోటల్ గదిలో, విమానం సీట్లో, సొంతింటి మంచం మీద. ప్యాకేజీ అమ్మే ఏజెంటు ఎయిర్‌పోర్టుకు వచ్చే కారు గురించీ, ఫైవ్ స్టార్ గది గురించీ, కట్టాల్సిన అడ్వాన్సు గురించీ పూసగుచ్చినట్టు చెబుతాడు. పదో రోజున జ్వరం వస్తే ఏ డాక్టరు ఫోన్ ఎత్తుతాడో చెప్పడు. అందుకే ఈ ప్రయాణాన్ని చివరి నుంచి మొదటికి ప్లాన్ చేసుకోవాలి. తిరిగొచ్చాక ఎవరు చూస్తారో తేలాకే ఎవరు కోస్తారో వెతకాలి.

ఒక్క సెలవులో నాలుగు ఆపరేషన్లు

కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్ ఈ విషయంలో ప్రపంచానికి పెద్ద హెచ్చరిక. 2009 నుంచి 2022 వరకు అక్కడ కాస్మెటిక్ సర్జరీ తర్వాత 93 మంది అమెరికా పౌరులు చనిపోయారని సీడీసీ 2024 జనవరిలో లెక్క తేల్చింది. మొదటి పదేళ్లలో ఏడాదికి సగటున నలుగురు. చివరి నాలుగేళ్లలో ఏడాదికి 13 మంది. 2019, 2020 సంవత్సరాల్లోని 29 మరణాలను లోతుగా పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటికి కారణం ఊపిరితిత్తుల రక్తనాళాలకు అడ్డుపడిన కొవ్వో, రక్తపు గడ్డో. వివరాలు దొరికినవాళ్లంతా లైపోసక్షన్, అంటే గొట్టంతో కొవ్వు పీల్చి తీసే ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి ఒకే సిటింగ్‌లో రెండు మూడు ఆపరేషన్లు కలిపి చేశారు.

ఈ ఆపరేషన్లలో అన్నిటికంటే ప్రమాదకరమైంది బ్రెజిలియన్ బట్ లిఫ్ట్. పొట్ట దగ్గరో, నడుము దగ్గరో తీసిన కొవ్వును పిరుదుల్లోకి ఎక్కిస్తారు. పిరుదుల కండరం కింద పెద్ద సిరలుంటాయి. గొట్టం చర్మం కింది పొర దాటి లోతుకు వెళ్లి ఆ సిర చిరిగిందంటే, కొవ్వు నేరుగా గుండెకు, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. అప్పుడు చేతిలో ఉండేది నిమిషాలే. 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ సర్వే ఈ ఆపరేషన్‌లో దాదాపు 3,000 మందికి ఒకరు చనిపోతున్నట్టు అంచనా వేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కేవలం ఆకృతి కోసం చేయించుకునే ఆపరేషన్‌కు ఇది భయంకరమైన సంఖ్య. మరుసటి ఏడాదే బ్రిటన్ కాస్మెటిక్ సర్జన్ల సంఘం ఈ ఆపరేషన్ మానుకోమని తన సభ్యులకు సూచించింది. అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా కొవ్వును కండరంలోకి ఎక్కించవద్దని గట్టిగా చెప్పింది.

ఎలాగూ టికెట్టు పెట్టుకుని వెళ్తున్నాం, సెలవు దొరికింది, అన్నీ ఒకేసారి కానిచ్చేద్దామన్న ఆలోచన ఖర్చు లెక్కలో బాగానే కనిపిస్తుంది. శరీరం లెక్క వేరు. మత్తులో ఉండే గంటలు పెరిగేకొద్దీ, పోయే రక్తం పెరిగేకొద్దీ గడ్డలు కట్టే ముప్పూ పెరుగుతుంది. పొట్ట, రొమ్ములు, పిరుదులు, తొడలు అన్నిటికీ కలిపి డిస్కౌంట్ ఇచ్చే చోటికి అసలు వెళ్లకపోవడమే మేలు.

ఆ ముప్పు విమానంలోనూ వెంటాడుతుంది. గంటల తరబడి కాళ్లు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎలాగూ ఉంటుంది, తాజా ఆపరేషన్ దాన్ని మరింత పెంచుతుంది. ఛాతీకో, పొట్టకో ఆపరేషన్ జరిగితే కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దని సీడీసీ సలహా. ముఖం, ముక్కు, కనురెప్పలకు చేయించుకుంటే ఏడు నుంచి పది రోజులు ఆగమని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం చెబుతుంది. ఇవి కనీసపు రోజులు మాత్రమే. గాయం మానకపోతే, డ్రెయిన్ గొట్టం తీయకపోతే ఇంకా ఆగాల్సిందే. కాబట్టి తేదీ మార్చుకోగలిగే తిరుగు టికెట్టు తీసుకోవాలి. హోటల్ ఆస్పత్రికి దగ్గర్లో ఉండాలి. రాత్రిపూట లేపి నీళ్లిచ్చే మనిషి పక్కనుండాలి. సిగరెట్ అలవాటున్నవాళ్లు కొన్ని వారాల ముందే మానాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పాలి. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా ఏజెంటుకు మెసేజ్ పెట్టి ఎదురుచూడటం కాదు, ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

అసలు కోసేదెవరు?

2016లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒక కాలేజీ కుర్రాడు దవడ ఎముక సన్నం చేయించుకోవడానికి పేరున్న క్లినిక్‌లో చేరాడు. ఆపరేషన్ మొదలుపెట్టిన సర్జన్ మధ్యలో వేరే గదిలోని రోగుల దగ్గరికి వెళ్లిపోయాడు. మిగతా పనిని స్పెషలిస్టు కాని డాక్టరుకు అప్పగించాడు. రక్తం ధారగా పోతుంటే సహాయకురాలు నేలను మళ్లీ మళ్లీ తుడుస్తున్న దృశ్యాలు సీసీ కెమెరాలో రికార్డయ్యాయి. ఆ యువకుడు స్పృహలోకి రాకుండానే కొన్ని వారాలకు కన్నుమూశాడు. అతని తల్లి ఆ వీడియోను వందల సార్లు చూసి, ఎవరు ఎప్పుడు గదిలోకి వచ్చారో, ఎప్పుడు వెళ్లారో క్షణాలతో సహా రాసుకుని కోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి ప్లకార్డు పట్టుకుని నిలబడింది. ఆమె పోరాటం వల్లే, పూర్తి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లకు థియేటర్లో కెమెరా ఉండాలన్న చట్టం 2023 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. విదేశీ రోగులు ఇప్పుడు సియోల్‌లో రికార్డింగ్ కావాలని అడగగలుగుతున్నారంటే అది ఆ తల్లి పుణ్యమే.

కొరియాలో ఇంకో సూక్ష్మం ఉంది. లైసెన్సున్న ఏ డాక్టరైనా అక్కడ కాస్మెటిక్ సర్జరీ చేయొచ్చు. క్లినిక్ పేరులోనే ‘ప్లాస్టిక్ సర్జరీ’ ఉంటే నడిపేది స్పెషలిస్టు. పేరు పక్కన ‘చికిత్స విభాగం’ అని చేర్చి ఆ తర్వాత ప్లాస్టిక్ సర్జరీ అని రాస్తే, స్పెషలిస్టు కాకపోవచ్చు. భాష రాని విదేశీయుడికి రెండు బోర్డులూ ఒకేలా మెరుస్తాయి.

జుట్టు మార్పిడికి ఇస్తాంబుల్ పెట్టింది పేరు. బరువు తగ్గించే సర్జరీలకు, పళ్లకు, ముక్కులకు కూడా యూరప్ అంతా టర్కీకి వెళ్తోంది. అక్కడ 2023లో వైద్యం చేయించుకున్నాక ఆరుగురు బ్రిటన్ పౌరులు చనిపోయారని బ్రిటన్ విదేశాంగ శాఖ ప్రకటించింది. లాభం చూసుకునే కంపెనీల మాట ఒక్కటే నమ్ముకోవద్దని ప్రయాణికులను హెచ్చరించింది. విదేశీ రోగులను తీసుకునే ఆస్పత్రులకు టర్కీ ఆరోగ్య శాఖ ప్రత్యేక అనుమతి పత్రం ఇస్తుంది. అది ఉందో లేదో ముందే చూసుకోవచ్చు. జేసీఐ వంటి అంతర్జాతీయ గుర్తింపు కూడా మంచిదే. అయితే ఆ గుర్తింపు ఆస్పత్రి భవనానికి, అక్కడి పద్ధతులకు సంబంధించినది. కత్తి పట్టే మనిషి అర్హతను ఆ దేశపు మెడికల్ రిజిస్టర్‌లో విడిగా చూసుకోవాలి.

డబ్బు కట్టేముందు ఆ సర్జన్‌తోనే వీడియోలో మాట్లాడాలి, కోఆర్డినేటర్‌తో కాదు. మొత్తం ఆపరేషన్ మీరే చేస్తారా, మత్తు డాక్టరు ఎవరు, ఐసీయూ అదే భవనంలో ఉందా అని అడగాలి. తేడా వస్తే మళ్లీ చేసే ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తీసుకోవాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు ఇష్టపూర్వకంగా చేయించుకునే సర్జరీని, దాని దుష్ఫలితాలను కవర్ చేయవు. రాపర్ కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్ 2007లో కాస్మెటిక్ సర్జరీ మర్నాడే చనిపోయాక కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఆపరేషన్‌కు ముందు 30 రోజుల్లోపు రోగికి శారీరక పరీక్ష జరిగి తీరాలి. ఫొటో చూసి తేదీ ఖాయం చేసే క్లినిక్‌లను ఆ కొలతతోనే చూడాలి. ‘మీకు ఇది అవసరం లేదు’ అనగలిగే సర్జన్ దొరికితే అదృష్టమే.

డాలస్ నుంచి హైదరాబాద్‌కు

తెలుగువాళ్లకు ఈ ప్రయాణం తరచూ తిరుగు దిశలో జరుగుతుంది. అమెరికా నుంచీ, గల్ఫ్ నుంచీ మూడు వారాల సెలవుపై వచ్చి, పెళ్లికీ తిరుగు టికెట్టుకూ మధ్య దొరికిన సందులో హైదరాబాద్‌లో జుట్టు పెట్టించుకునేవారు, లైపో చేయించుకునేవారు ఉన్నారు. పుట్టిన ఊరు కదా అని నమ్మకం. కానీ కుట్లు విప్పేవేళకు వాళ్లు వేరే ఖండంలో ఉంటారు. కాబట్టి ఆపరేషన్‌ను సెలవు మొదటి రోజుల్లో పెట్టుకోవాలి. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందో లేదో, పేరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఉందో లేదో చూసుకోవాలి. యూట్యూబ్‌లో, వర్క్‌షాపుల్లో చూసి నేర్చుకున్నది జుట్టు మార్పిడికి చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది.

కాగితాలు కూడా వెంట రావాలి. ఫ్రాన్స్‌కు చెందిన పిప్ కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లలో పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపిందని 2010లో బయటపడింది. పలు దేశాల్లో సుమారు మూడు లక్షల మంది మహిళలకు అప్పటికే వాటిని అమర్చారు. తన ఒంట్లో ఉన్నది ఏ కంపెనీదో చెప్పేది ఇంప్లాంట్ కార్డు, దాని మీది లాట్ నంబరు. ఆ కార్డు, ఆపరేషన్ నోట్సు, మత్తు రికార్డు, ఇచ్చిన మందుల పేర్లు ఇంగ్లిషులో తీసుకుని విమానం ఎక్కాలి.

అన్నిటికంటే బాధ కలిగించేది గోప్యత. 2022 మేలో బెంగళూరులో కొవ్వు తీయించుకునే ఆపరేషన్ తర్వాత 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ చనిపోయింది. ఆపరేషన్ సంగతి కన్నవాళ్లకు ముందు తెలియదు. మన ఇళ్లలో ‘ఉన్న అందం చాలదా’ అన్న ఎత్తిపొడుపుకు జడిసి టూర్ అని చెప్పి వెళ్లేవారు ఎందరో. ఇంట్లో కనీసం ఒక్కరికైనా ఆస్పత్రి పేరు, సర్జన్ నంబరు, రక్తం గ్రూపు తెలిసి ఉండాలి. వెక్కిరించకుండా వినే ఒక్క మనిషి ఉంటే చాలు, ఆ ప్రయాణం సగం ప్రమాదం తగ్గుతుంది.

ఊళ్లోని డాక్టరు దగ్గర కూడా దాచకూడదు. డొమినికన్ రిపబ్లిక్‌లో ఆపరేషన్లు చేయించుకుని వచ్చిన కొందరికి వారాలు, నెలల తర్వాత కోత దగ్గర ఎర్రటి గడ్డలు లేచి చీము కారింది. కారణం, క్షయ బ్యాక్టీరియాకు దూరపు బంధువైన మైకోబ్యాక్టీరియం అబ్‌సెసస్. మామూలు యాంటీబయాటిక్స్‌కు అది లొంగదు. మామూలు కల్చర్ పరీక్షలో సులభంగా బయటపడదు. ఫలానా దేశంలో, ఫలానా తేదీన ఆపరేషన్ చేయించుకున్నానని రోగి చెబితేనే డాక్టరు ఆ ప్రత్యేక పరీక్ష రాస్తారు. దొరికాక కూడా నెలల తరబడి మందులు, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్.