కొల్లేరు ఎవరిది?

కొల్లేరు అనగానే పట్నంవాసులకు పక్షులు గుర్తొస్తాయి. ఆటపాక గూడబాతుల ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఆ నీటి నడుమ లంకల్లో వానకూ వరదకూ ఓర్చి బతికే మనిషి ఫొటో మాత్రం ఎక్కడా కనపడదు. మనం ఆ మనిషి సంగతి మాట్లాడుకోవాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు మురుగు కాల్వలు ఇందులోకి దిగుతాయి. ఈ నీళ్లన్నిటినీ సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు పది, పోయే దారి ఒకటి! ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

వెనక లంకవాడికి తాటిదోనె, వల, నాలుగు మావులు ఉంటే చాలు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల, ఏది పడితే అది అమ్ముకోగా మిగిలింది చట్టిలోకి. తాగటానికీ కొల్లేటి నీళ్లే. ఆ రోజుల్లో కష్టాల్లేవని మేము అనటం లేదు. వరదొస్తే ఇల్లూ మునిగేది, పొట్టా మాడేది. కాని దోనె వేసుకుని నీళ్లలోకి పోతానంటే అడ్డం నిలబడేవాడు లేడు.

1976-77లో ప్రభుత్వం వడ్డి కులస్థులతో, దళితులతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఆలోచన మంచిదే. అయితే పిల్లకూ మేతకూ పెట్టుబడి పేదవాడి దగ్గర ఎక్కడుంది? పెట్టుబడి ఉన్నవాడు వచ్చాడు, లీజు రాయించుకున్నాడు. సంఘం పేరు పేదలది, చెరువులో చేప పెత్తందారుది అయింది. ఒకదాని పక్కన ఒకటి గట్లు లేచాయి. దోనెవాడు చెరువు కాపలాకీ, మేత చల్లటానికీ, పట్టుబడికీ కూలివాడయ్యాడు. చేప ఐసు పెట్టెల్లో కలకత్తా పోయింది.

గట్లు లేస్తే నీరెటు పోవాలి? వానాకాలం ఊళ్ల మీద పడింది. ఎండాకాలం సరస్సు మట్టం తగ్గితే ఉప్పుటేటి గుండా సముద్రపు నీరు ఎగదన్నింది. విజయవాడ, ఏలూరు మురుగూ, చెరువుల మందులూ ఇందులోనే కలిశాయి. గుర్రపు డెక్క అల్లుకుంది. నాటు చేపలు తగ్గాయి. నీటి నడుమ ఉన్నవాళ్లు తాగే నీళ్లు కొనుక్కుంటున్నారు!

1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో చెరువు గట్లను మందుపాతరలు పెట్టి పేల్చారు. సరస్సు బతకాలన్నది మా మాట కూడా. కాని పెత్తందారు గట్టుతోపాటు పేదవాడి సంఘం చెరువూ పోయింది. పెత్తందారుకి బయట పొలాలున్నాయి, పేదవాడికి చేతులు తప్ప ఏమున్నాయి? తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. లేపింది కూలివాడు కాదు గదా!

2008లో కాంటూరును మూడుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అయిదునే ఉంచమన్నది. తగ్గిస్తే పేదలకు భూమి దక్కుతుందని ఆశ పెట్టేవాళ్లున్నారు. 1976లోనూ పేదల పేరే చెప్పారు. చివరికి ఎవరికి దక్కిందో లంకల్లో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరు కొల్లేటికి దిగి లంక ఊళ్ల దారులను ముంచింది. గీత తగ్గించినంత మాత్రాన వరద తగ్గుతుందా?

కాబట్టి మనం అడగాల్సింది ఇది. బినామీ గట్లను ముందు తీయాలి. ఉప్పుటేటి పూడిక తీసి, ఉప్పునీరు రాకుండా అడ్డుకట్ట వేయాలి. మురుగును శుద్ధి చేయకుండా వదలకూడదు. వలా మావూ వేసుకునే హక్కు లంక కుటుంబాలకు కాగితం మీద కాదు, నీటి మీద దక్కాలి. చెరువు పోయిన కూలీకి పని చూపించాకే గట్టు మీద చెయ్యి వేయాలి.

పక్షి బతకాలి, చేప బతకాలి. ఆ రెంటితో తరతరాలుగా కలిసి బతికిన మనిషీ బతకాలి. లంకల్లో వేటకు పోయేవాడూ, డెల్టాలో నాట్లు వేసే కూలీ ఒకే నీటిని నమ్ముకున్నవాళ్లు. ఇద్దరూ ఒక్కటై అడిగితే తప్ప ఈ నీరు మనది కాదు.